ట్యాంకు గీజరా, ఇన్‌స్టంట్ గీజరా? గార్ల ఇంట్లో ‘జీరో బిల్లు’ను కాపాడేది ఏది?

డిసెంబర్, జనవరి వచ్చిందంటే గార్ల మండలంలో తెల్లవారుజామున ట్యాంకు నీళ్లు ముట్టుకోబుద్ధి కాదు. బడికి పోయే పిల్లలు, పొద్దున్నే మహబూబాబాద్‌కో ఖమ్మానికో రైలు అందుకోవాల్సిన ఉద్యోగి, పొలానికి బయల్దేరే పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఉడుకు నీళ్లు అందరికీ ఒకే గంటలో కావాలి. ఒకప్పుడు బయట కట్టెల పొయ్యి మీద కాగుతో ఈ పని నడిచేది. తర్వాత బకెట్‌లో వేసే హీటర్ రాడ్ వచ్చింది. ఇప్పుడు చాలామంది గీజర్ వైపు చూస్తున్నారు.

దుకాణానికి వెళ్తే ఎదురయ్యే మొదటి ప్రశ్న: “స్టోరేజీ కావాలా, ఇన్‌స్టంట్ కావాలా?” ఏది తీసుకోవాలని మీరు తిరిగి అడిగితే, “ఇన్‌స్టంట్ అయితే కరెంటు తక్కువ కాలుతుంది” అనే మాట వినిపిస్తుంది. ఆ మాటలో కొంతే నిజం ఉంది. పైగా తెలంగాణలో గీజర్ కొనే ఇల్లు చూసుకోవాల్సిన అంకె ఇంకొకటి ఉంది. అదే 200 యూనిట్లు. ఏ గీజర్ కొన్నారన్న దానికంటే, దాన్ని ఎలా వాడుతున్నారన్నదే మీరు ఆ గీతకు ఇవతల ఉంటారో అవతల ఉంటారో తేలుస్తుంది. ఎలాగో చూద్దాం.

200 యూనిట్ల గీత ఎందుకంత ముఖ్యం?

గృహజ్యోతి పథకం కింద తెల్ల రేషన్ కార్డు ఉన్న అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం. 2024 మార్చి నుంచి ఈ ఇళ్లకు ‘జీరో బిల్లు’ వస్తోంది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఒక నెలలో వాడకం 200 యూనిట్లు దాటితే, దాటిన యూనిట్లకే కాదు, ఆ నెల వాడిన మొత్తం యూనిట్లకూ బిల్లు కట్టాలి.

2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన గృహ టారిఫ్‌తో లెక్క వేద్దాం. నెల వాడకం 101 నుంచి 200 యూనిట్ల మధ్య ఉంటే మొదటి 100 యూనిట్లకు రూ.3.40 చొప్పున, ఆ తర్వాతి వాటికి రూ.4.80 చొప్పున పడుతుంది. అంటే సరిగ్గా 200 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీ రూ.820. వాడకం 200 దాటగానే స్లాబు మారుతుంది. అప్పుడు మొదటి 200 యూనిట్లకూ రూ.5.10 చొప్పున, 201 నుంచి 300 వరకు రూ.7.70 చొప్పున లెక్క కడతారు. అంటే 201 యూనిట్లకు రూ.1,027.70. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, విద్యుత్ సుంకం దీనికి అదనం.

గృహజ్యోతి లేని ఇంటికి ఆ ఒక్క యూనిట్ ఖరీదు సుమారు రూ.207. గృహజ్యోతి ఉన్న ఇంటికి సున్నా నుంచి ఒక్కసారిగా వెయ్యి రూపాయలు దాటిపోతుంది. కూలి మీద బతికే ఇంట్లో అది రెండు మూడు రోజుల సంపాదన.

రెండు గీజర్ల మధ్య అసలు తేడా ఏమిటి?

స్టోరేజీ గీజర్‌లో 6, 10, 15, 25 లీటర్ల ట్యాంకు ఉంటుంది. ఎక్కువ మోడళ్లలో హీటింగ్ ఎలిమెంట్ 2 కిలోవాట్లు. నీళ్లను ముందే కాచి ఉంచుతుంది. ట్యాంకు చుట్టూ వేడి బయటికి పోకుండా ఇన్సులేషన్ ఉంటుంది. నీళ్లు తగినంత వేడెక్కగానే థర్మోస్టాట్ కరెంటు ఆపేస్తుంది. చల్లారితే మళ్లీ ఆన్ చేస్తుంది.

ఇన్‌స్టంట్ గీజర్ నీళ్లు వెళ్తుండగానే కాస్తుంది. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యేవాటిలో నిజానికి 1 లీటరు లేదా 3 లీటర్ల చిన్న ట్యాంకు ఉంటుంది. ఎలిమెంట్ 3 కిలోవాట్లు. కొన్ని మోడళ్లలో 4.5 కిలోవాట్లు. విదేశాల్లో ఇంటికంతటికీ ఒకటే పెట్టుకునే ట్యాంకులేని హీటర్ వేరు. షవర్ ధారగా వచ్చే నిమిషానికి 6 లీటర్ల నీళ్లను 20 డిగ్రీలు పెంచాలంటేనే 8 కిలోవాట్లకు పైగా కావాలి. మన ఊళ్లలోని మామూలు సింగిల్ ఫేజ్ కనెక్షన్‌తో అది కుదిరే పని కాదు. కాబట్టి ఇక్కడ ‘ఇన్‌స్టంట్’ అంటే 3 కిలోవాట్ల చిన్న డబ్బా అనే అర్థం చేసుకోండి.

ఏది తక్కువ కరెంటు తీసుకుంటుంది?

నీళ్లు కాగడానికి ఎంత వేడి కావాలన్నది పెట్టె మీద ఆధారపడదు. ఎన్ని నీళ్లు, ఎన్ని డిగ్రీలు అన్నదాని మీదే ఆధారపడుతుంది. 20 డిగ్రీలున్న 20 లీటర్ల బకెట్ నీళ్లను స్నానానికి సరిపడా 40 డిగ్రీలకు తేవాలంటే సుమారు 0.47 యూనిట్ కావాలి. హీటర్ రాడ్‌తో కాచినా, ఇన్‌స్టంట్‌తో కాచినా, స్టోరేజీతో కాచినా దాదాపు ఇంతే. తేడా సమయంలో ఉంటుంది.

3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్‌తో ఆ బకెట్ నిండటానికి 9 నుంచి 10 నిమిషాలు పడుతుంది. ధార నిమిషానికి రెండు లీటర్లకు కొంచెం పైన. నల్లా అంతకంటే ఎక్కువ తిప్పితే నీళ్లు గోరువెచ్చగానే వస్తాయి. 1.5 కిలోవాట్ల రాడ్‌కు 18, 19 నిమిషాలు పడుతుంది.

2 కిలోవాట్ల, 15 లీటర్ల స్టోరేజీ గీజర్ నీళ్లను 60 డిగ్రీలకు తేవడానికి 21 నిమిషాలు, 0.7 యూనిట్ తీసుకుంటుంది. ఆ మరిగే నీళ్లలో అంతే చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల నీళ్లు 30 లీటర్లు అవుతాయి. అంటే బకెట్‌న్నర. 25 లీటర్లదైతే 35 నిమిషాల్లో రెండున్నర బకెట్లు.

నలుగురున్న ఇంట్లో మనిషికి ఒక బకెట్ చొప్పున రోజుకు 1.9 యూనిట్లు. నెలకు 56. ఇది ఏ గీజర్‌కైనా తప్పని ఖర్చు.

మరి స్టోరేజీ గీజర్‌కు చెడ్డపేరు ఎందుకొచ్చింది? స్విచ్ ఆపకపోవడం వల్ల. కాగిన ట్యాంకు మెల్లగా చల్లారుతూనే ఉంటుంది. చల్లారినప్పుడల్లా థర్మోస్టాట్ మళ్లీ కాస్తుంది. 15 లీటర్ల గీజర్‌ను 24 గంటలూ ఆన్‌లో వదిలేస్తే, ఎవరూ ఒక్క చెంబెడు నీళ్లు వాడకపోయినా రోజుకు అర యూనిట్ నుంచి యూనిట్ దాకా పోతుంది. నెలకు 15 నుంచి 30 యూనిట్లు. స్నానానికి అరగంట ముందు వేసి, చివరి మనిషి స్నానం కాగానే ఆపేస్తే ఈ నష్టం నెలకు నాలుగైదు యూనిట్లకు మించదు.

ఇన్‌స్టంట్ గీజర్‌కు ఈ నష్టం దాదాపు లేదు. ‘కరెంటు తక్కువ’ అన్న మాటలో నిజం ఇంతవరకే.

మరి 200 దాటేది ఎప్పుడు?

ఒక లెక్క చూద్దాం. ఫ్రిజ్, టీవీ, లైట్లు, మిక్సీ, మోటారు కలిపి నెలకు 130 యూనిట్లు వాడే ఇల్లు అనుకోండి. చలికాలంలో ఫ్యాన్లు ఆగి ఉంటాయి.

ఇన్‌స్టంట్ గీజర్ పెడితే 130కి 56 కలిపి 186. స్టోరేజీ గీజర్‌ను అవసరమైనప్పుడే వేస్తే సుమారు 190. రెండూ గీతకు ఇవతలే. జీరో బిల్లే. అదే స్టోరేజీ గీజర్‌ను రోజంతా ఆన్‌లో ఉంచితే 130, 56, దానికి పైన 24 కలిపి 210. బిల్లు రూ.1,097, పైన ఇతర ఛార్జీలు. గీజర్ మారలేదు, స్నానాలు పెరగలేదు. మారింది స్విచ్ ఒక్కటే.

ఇంకో ప్రమాదం ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో పొంచి ఉంటుంది. పగలు ఎండ మొదలై ఫ్యాన్లు తిరుగుతాయి, తెల్లవారుజామున చలికి గీజర్ కూడా నడుస్తుంది. 75 వాట్ల మామూలు ఫ్యాన్ రోజుకు 10 గంటలు తిరిగితే నెలకు 22 యూనిట్లు. రెండు ఫ్యాన్లయితే 45. చలికాలంలో ఫ్యాన్లు ఆపిన చోటులోనే గీజర్ ఇమిడిపోతుంది. రెండూ కలిసిన నెలలో ఇమడదు. ఆ నెలలో స్టోరేజీ అయినా, ఇన్‌స్టంట్ అయినా గీత దాటిస్తుంది. ముందు గీజర్ ఆపాలి, తర్వాతే ఫ్యాన్లు పెంచాలి.

అసలు చిక్కు పథకం రూపంలో కూడా ఉంది. 200 దాటిన యూనిట్లకే బిల్లు వేసే పద్ధతి అయితే 210 వాడిన ఇల్లు పదింటికే కట్టేది. ఇప్పుడున్న పద్ధతిలో 200 వాడిన ఇల్లూ, 201 వాడిన ఇల్లూ రెండు వేర్వేరు లోకాల్లో ఉన్నాయి. పొదుపు చేయమని చెప్పడానికి ఈ గీత పనికొస్తుందనే వాదన ఉంది. కానీ చంటిబిడ్డో, మంచం పట్టిన పెద్దమనిషో ఉండి వేడి నీళ్లు ఎక్కువ కావాల్సిన ఇంటికి ఇది శిక్షే అవుతుంది. నియమం మారేదాకా మీటరు మీద కన్నేసి ఉంచడమే మన చేతిలో ఉన్న పని.

మీ ఇంటి వైరు తట్టుకుంటుందా?

ఇన్‌స్టంట్ గీజర్ వైపు మొగ్గేవాళ్లు ముందుగా చూడాల్సింది ఇది. 2 కిలోవాట్ల గీజర్ సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది. 3 కిలోవాట్లది 13 ఆంపియర్లు. 4.5 కిలోవాట్లది దాదాపు 20 ఆంపియర్లు. లైట్లకు, ఫ్యాన్లకు వేసిన సన్నని వైరు మీద, చిన్న 6 ఆంపియర్ల ప్లగ్గులో వీటిలో ఏదీ పెట్టకూడదు. 16 ఆంపియర్ల పవర్ సాకెట్, బోర్డు నుంచి విడిగా లాగిన రాగి వైరు, దానికి సొంత ఎంసీబీ ఉండాలి. 2 కిలోవాట్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలు. 3 కిలోవాట్లకు 4 చదరపు మిల్లీమీటర్లది వేయించుకోవడం మంచిది. 4.5 కిలోవాట్లదైతే 16 ఆంపియర్ల సాకెట్ కూడా పనికిరాదు.

ఎర్తింగ్ లేని ఇంట్లో గీజర్ పెట్టొద్దు. తడి ఒంటితో నిలబడే చోట షాక్ కొడితే తప్పించుకునే సమయం ఉండదు. లీకేజీ రాగానే కరెంటు ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే ప్రాణానికి భరోసా.

ఇందిరమ్మ ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు ఇదే సరైన సమయం. గోడలు ప్లాస్టరింగ్ కాకముందే బాత్రూమ్ దాకా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగించి పెట్టండి. గీజర్ రెండేళ్ల తర్వాత కొన్నా సరే. తర్వాత గోడ పగలగొట్టే ఖర్చు తప్పుతుంది.

కరెంటు కనెక్షన్‌కు లోడ్ పెంచాలా?

గార్ల 2016 అక్టోబర్ 11 వరకు ఖమ్మం జిల్లాలో ఉండేది, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. జిల్లా మారినా కరెంటు ఇచ్చే సంస్థ మారలేదు. అప్పుడూ ఇప్పుడూ ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్లే.

పాత ఇళ్లలో కనెక్షన్ తీసుకున్నప్పుడు రెండు బల్బులు, ఒక ఫ్యాన్ లెక్కన తక్కువ లోడ్ రాయించి ఉంటారు. మీ బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ ఎంతుందో చూడండి. దానికి మించి 2, 3 కిలోవాట్ల గీజర్ పెడితే లోడ్ పెంచుకోవాలి. కిలోవాట్ లెక్కన డెవలప్‌మెంట్ ఛార్జీ, సెక్యూరిటీ డిపాజిట్ కట్టించుకుంటారు. స్థానిక విద్యుత్ కార్యాలయంలో దరఖాస్తు చేయొచ్చు. సందేహాలకు, ఫిర్యాదులకు 1912కు ఫోన్ చేయొచ్చు.

ఇది కేవలం కాగితం పని కాదు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎంత లోడ్ ఉందో శాఖకు తెలిసేది ఈ అంకెల ద్వారానే. పొద్దున ఆరింటికి వాడకట్టంతా 3 కిలోవాట్ల గీజర్లు వేస్తే, కాగితం మీద లేని ఆ భారం అందరి ఓల్టేజీనీ లాగేస్తుంది.

ఓల్టేజీ తగ్గితే, కరెంటు పోతే?

ఓల్టేజీ 230 నుంచి 200కు పడితే 3 కిలోవాట్ల ఎలిమెంట్ ఇచ్చే వేడి నాలుగింట మూడు వంతులకు తగ్గుతుంది. ఇన్‌స్టంట్ గీజర్‌లో ఆ తేడా వెంటనే చేతికి తెలుస్తుంది. ధార ఇంకా సన్నగా పెట్టుకోవాలి. స్టోరేజీ గీజర్‌లో మరికొన్ని నిమిషాలు ఆగితే సరి. కాలే యూనిట్లు మాత్రం రెండింట్లోనూ అవే.

కరెంటు పోతే ఇన్‌స్టంట్ అక్కడితో ఆగిపోతుంది. స్టోరేజీ ట్యాంకులో కాగిన నీళ్లు గంటకు ఒకటి రెండు డిగ్రీల చొప్పునే చల్లారుతాయి. రెండు మూడు గంటల తర్వాత కూడా స్నానానికి పనికొస్తాయి.

నీళ్ల సంగతి కూడా చూడండి

మిషన్ భగీరథ కింద గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల నీళ్లు ఇవ్వాలన్నది లక్ష్యం. ఇంట్లోకి వచ్చాక ఆ నీళ్లు మిద్దె మీద ట్యాంకులోకి వెళ్తాయా, నేల మీద తొట్టిలోకా అన్నది గీజర్‌కు ముఖ్యం. ట్యాంకు నల్లా కంటే 10 మీటర్ల ఎత్తులో ఉంటే ఒక బార్ ఒత్తిడి. ఒకే అంతస్తు ఇంట్లో మిద్దె మీద పెట్టిన ట్యాంకుకు ఉండేది రెండు మూడు మీటర్లే. ఆ ఒత్తిడి బకెట్ నింపుకోవడానికి చాలు. అందుకే మన ఇళ్లకు రెండు రకాలూ పని చేస్తాయి. షవర్ కావాలంటే మాత్రం ఇన్‌స్టంట్ నిరాశపరుస్తుంది.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో మరో సమస్య. గిన్నెల అడుగున తెల్లగా పొర కట్టే నీళ్లయితే ఎలిమెంట్ మీదా అదే పొర కడుతుంది. వేడి నీళ్లకు చేరదు, ఎలిమెంట్ మాడిపోతుంది. స్టోరేజీ గీజర్‌లో తుప్పును తన మీద వేసుకుని ట్యాంకును కాపాడే మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. ఏడాదికో రెండేళ్లకో దాన్ని చూపించుకోవాలి, అవసరమైతే మార్పించాలి. బోరు నీళ్లు, భగీరథ నీళ్లు రెండూ ఉంటే గీజర్‌కు భగీరథ నీళ్లే పెట్టండి.

గ్యాస్ గీజర్ సంగతేమిటి?

ట్యాంకు లేకుండా ధారగా వేడి నీళ్లు ఇచ్చేది నిజానికి ఇదే. యూనిట్ల బాధ లేదు. కానీ రోజూ నాలుగు బకెట్లు కాస్తే నెలకు సుమారు 5 కిలోల గ్యాస్ అవుతుంది. 14.2 కిలోల సిలిండర్‌లో మూడో వంతు. రూ.500 సిలిండర్ రాయితీ పరిమితికి లోబడే ఉంటుంది కాబట్టి ఆ భారం వంటింటి మీద పడుతుంది.

అంతకంటే పెద్ద విషయం ప్రాణం. గాలి ఆడని బాత్రూమ్‌లో గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషికి తెలిసేలోపే స్పృహ తప్పిస్తుంది. గ్యాస్ గీజర్ పెట్టాలనుకుంటే బాత్రూమ్ బయట, గాలి తగిలే చోటే పెట్టాలి. ఆ వీలు లేకపోతే వద్దు.

మరి మీ ఇంటికి ఏది?

ఇద్దరు ముగ్గురున్న ఇల్లు, ఒకరి తర్వాత ఒకరు స్నానం చేసే అలవాటు, కొత్త వైరింగ్ ఉంటే 3 లీటర్ల ఇన్‌స్టంట్ సరిపోతుంది. ధర తక్కువ, గోడ మీద చోటు తక్కువ. స్విచ్ మరిచిపోయే అలవాటున్న ఇంటికీ ఇదే నయం.

నలుగురైదుగురు ఒకే గంటలో బయల్దేరే ఇల్లు, పాత వైరింగ్, పొద్దున ఓల్టేజీ తగ్గే వాడకట్టు అయితే 15 లేదా 25 లీటర్ల, 2 కిలోవాట్ల స్టోరేజీ మేలు. లాగే కరెంటు తక్కువ. దీన్ని కొనేటప్పుడు బీఈఈ స్టార్ లేబుల్ చూడండి. ఊరికే ఉంచితే రోజుకు ఎన్ని యూనిట్లు పోతాయో దాని మీద రాసి ఉంటుంది. ఆ అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. ఏ రకమైనా ఐఎస్ఐ గుర్తు లేనిది కొనొద్దు.

సొంత మిద్దె ఉండి, ఒకేసారి ఎక్కువ డబ్బు పెట్టగలిగితే 100 లీటర్ల సోలార్ హీటర్ గురించి ఆలోచించండి. మబ్బు పట్టిన రోజులు మినహా దానికి మీటరుతో పని లేదు.

చివరగా, గీజర్ పెట్టిన మొదటి నెల ఒక చిన్న పని చేయండి. బిల్లు కొట్టిన రోజు మీటరు రీడింగ్ గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. 15వ రోజున మళ్లీ చూడండి. తేడా 100 దాటితే మీరు గీత వైపు నడుస్తున్నట్టే. అప్పటికి ఇంకా సగం నెల చేతిలో ఉంటుంది. స్నానాల గంట అయిపోగానే గీజర్ స్విచ్ ఆపే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి. వెయ్యి రూపాయల తేడా చాలా ఇళ్లలో అక్కడే ఉంది.